వేలం పాటలో పాత వెండి రూపాయలు దుకాణం ధరను ఎందుకు దాటిపోతున్నాయి?

ప్రశ్న: ఓరుగల్లు సేకర్త

అందరికీ నమస్కారం. మా వైపు నాణేల సేకర్తలు కలుసుకునే సమావేశాల్లో చివరి గంట చిన్న వేలం పాటకు కేటాయించడం ఆనవాయితీ. నేను బ్రిటిష్ ఇండియా వెండి రూపాయలు మాత్రమే సేకరిస్తాను కాబట్టి ఆ పాటలను శ్రద్ధగా గమనిస్తున్నాను. ఈ మధ్య జరిగిన పాటలో అయిదవ జార్జి బొమ్మ ఉన్న 1918 రూపాయి ఒకటి, చేతులు మారి మారి అరిగినదే, అదే హాలులో బల్ల పెట్టుకున్న వ్యాపారి అడుగుతున్న ధరకు దాదాపు రెట్టింపు పలికింది. ఆ వ్యాపారి దగ్గర అంతకన్నా మెరుగైన 1918 రూపాయలు అరడజను ఉన్నాయి. పాట గెలిచిన వ్యక్తి ఉదయం ఆ బల్ల ముందు నిలబడి చూసి వచ్చినవారే. ఆ వెంటనే పాటకు వచ్చిన 1944 రూపాయి కూడా ఇంచుమించు అంతే ధరకు వెళ్ళింది.

ఇందులో నాకు తెలియని లెక్క ఏదైనా ఉన్నదా, లేక కొనేవారు నిజంగానే ఎక్కువ పెడుతున్నారా? పాటకు వెళ్ళే ముందు ఒక నాణేనికి నా గరిష్ఠ ధర ఎంత అని దేనిని బట్టి నిర్ణయించుకోవాలి? వచ్చే పాట జాబితాలో నిజాం కాలపు చార్మినార్ రూపాయల గుత్తి ఒకటి, ‘అత్యంత అరుదైన 1939 రూపాయి’ అని ప్రకటించిన నాణెం ఒకటి ఉన్నాయి. వాటి విషయంలో కూడా అనుభవజ్ఞుల మాట వినాలని ఉంది.

జవాబు: బెజవాడ నాణేలు

మీరు చూసినది నిజమే, అందులో మీకు తెలియని రహస్యపు లెక్క ఏమీ లేదు. ముందుగా వెండి లెక్కను స్థిరపరచుకుందాము, ఎందుకంటే ఎక్కువ పెట్టేవారిలో చాలామంది తప్పటడుగు వేసేది అక్కడే.

1835 నుంచి 1939 దాకా ముద్రించిన బ్రిటిష్ ఇండియా రూపాయి బరువు 11.66 గ్రాములు, అనగా సరిగ్గా ఒక తులం. మన ఇళ్ళల్లో బంగారం తూచడానికీ, వైద్యుడు చెప్పిన చూర్ణం కొలవడానికీ ‘రూపాయి ఎత్తు’ అన్న కొలత నిలిచినది అందువల్లనే. అందులో పన్నెండింట పదకొండు వంతులు వెండి, మిగిలినది కల్తీ లోహం. కాబట్టి అరగని నాణెంలో 10.69 గ్రాముల శుద్ధమైన వెండి ఉంటుంది. వెండి గ్రాము వంద రూపాయలు అనుకుంటే లోహం విలువ 1,069 రూపాయలు అవుతుంది; ధర మారినప్పుడల్లా 10.69తో హెచ్చవేసుకుంటే చాలు. బాగా అరిగిన నాణెం బరువు కొంత తగ్గి ఉంటుంది కాబట్టి తూచకుండా ఈ అంకెను నమ్మకూడదు.

1940 నుంచి 1945 దాకా వచ్చిన ఆరవ జార్జి రూపాయి సంగతి పూర్తిగా వేరు. యుద్ధ కాలంలో వెండి కొరత ఏర్పడినందున నాణెం బరువును అలాగే ఉంచి, అందులో వెండిని బరువులో సగానికి తగ్గించి, రాగి, నికెల్, తుత్తునాగం కలిపారు. అంటే మీరు చెప్పిన 1944 రూపాయిలో ఉన్న వెండి 5.83 గ్రాములు మాత్రమే. దానిని 1918 రూపాయి ధరకు కొన్నవారు వెండి వరకే చూసుకున్నా, చెల్లించినదానిలో దాదాపు సగం అదనమే అని లెక్క. ఇక 1947 నాటి పులి బొమ్మ రూపాయిలో వెండి అసలే లేదు, అది నికెల్. అయినా ‘వెండి రూపాయల గుత్తి’ అన్న పేరుతో వచ్చే సంచుల్లో అది కనబడుతూనే ఉంటుంది. జేబులో చిన్న అయస్కాంతం ఉంటే దానికి అంటుకునేది నికెల్ అని అక్కడికక్కడే తేలిపోతుంది.

1918 రూపాయి గురించి మరొక మాట. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో మన దేశంలో వెండి రూపాయలకు విపరీతమైన గిరాకీ ఏర్పడింది, కాగితం నోట్లను వెండిగా మార్చుకోవాలని జనం ఎగబడ్డారు. ఆ గండం గట్టెక్కించడానికి అమెరికా 1918 ఏప్రిల్‌లో పిట్‌మన్ చట్టం చేసి, తన ఖజానాలో ఉన్న వెండి డాలర్లను 27 కోట్లకు పైగా కరిగించి, అందులో అత్యధిక భాగాన్ని భారతదేశం కోసం బ్రిటన్‌కు అమ్మింది. ఆ ఒక్క సంవత్సరపు తేదీతో బొంబాయి, కలకత్తా టంకశాలలు చెరి 20 కోట్లకు పైగా రూపాయలు ముద్రించాయి. ఇంత విస్తారంగా ఉన్న నాణేన్ని నూరేళ్ళు దాటినది కాబట్టి అపురూపమని అనుకోవడమే ఆ రెట్టింపు ధరకు కారణం. నాణేనికి వయస్సు వేరు, అరుదు వేరు. ఆ కాలపు పల్లెటూళ్ళలో కుండల్లో దాచిపెట్టిన రూపాయలు ఇప్పటికీ పెట్టెల్లోంచి బయటికి వస్తూనే ఉన్నాయి.

గరిష్ఠ ధర నిర్ణయించుకోవడానికి నేను పాటించే పద్ధతి ఒకటే. ఈ నాణేన్ని ఇదే రోజు సాయంత్రం వ్యాపారి బల్ల దగ్గరికి తీసుకువెళితే ఆయన నాకు ఎంత ఇస్తాడు అన్నదే నా మొదటి ప్రశ్న. ఆయన అమ్మే ధర కాదు, కొనే ధర. అరిగిన సాధారణ నాణేలకు వ్యాపారులు సాధారణంగా వెండి విలువకు అటూ ఇటూగా ఇస్తారు. ఆ కొనే ధరకూ ఆయన అమ్మే ధరకూ మధ్య ఉన్న ఎడంలోనే నా పాట ఆగిపోవాలి. అమ్మే ధర దాటిన క్షణంలో నేను వేలం హాలులో కూర్చోవలసిన అవసరమే లేదు, లేచి వెళ్ళి బల్ల దగ్గర కొనుక్కోవచ్చు.

జవాబు: పాట నిర్వాహకుడు

పై మిత్రుడు చెప్పిన వెండి లెక్క నిక్కమైనదే. కానీ ఆ లెక్క తెలిసినవారు కూడా హాలులో దానిని మరిచిపోతారు. కొంతకాలం ఇలాంటి పాటలను నడిపించినవాడిని కాబట్టి గది లోపలి వ్యవహారం గురించి వ్రాస్తాను.

పాటలో ధరను నిర్ణయించేది నాణెం కాదు, చివరిదాకా చెయ్యి ఎత్తే ఇద్దరు మనుషులు. నలభై మంది ఉన్న హాలులో ముప్పై ఎనిమిది మంది 1918 రూపాయికి ఎంత ఇవ్వాలో సరిగ్గా తెలిసినవారై మౌనంగా ఉన్నా, తక్కిన ఇద్దరికీ పంతం వస్తే ధర ఆ ఇద్దరిదే అవుతుంది. బయట నిలబడి చూసినవారు ఆ అంకెను మార్కెట్ ధర అని వ్రాసుకుంటారు. తరువాతి సమావేశంలో అదే నాణేన్ని తెచ్చిన మరొకరు ‘పోయినసారి ఇంతకు పోయింది’ అంటూ అదే అంకెను ప్రారంభ ధరగా పెడతారు. చిన్న ఊళ్ళ పాటల్లో ధరలు పెరిగేది చాలావరకు ఈ దారినే.

దీనికి అర్థశాస్త్రంలో కూడా ఒక వివరణ ఉంది. మెక్సికో సింధుశాఖలో చమురు క్షేత్రాల వేలం పాటల్లో గెలిచిన కంపెనీలు ఆశించిన లాభం ఎందుకు పొందలేకపోతున్నాయని 1971లో ముగ్గురు అమెరికన్ ఇంజనీర్లు ఒక వ్యాసం ప్రచురించారు. ఒక వస్తువు విలువను పదిమంది అంచనా వేస్తే అందులో కొన్ని తక్కువగానూ కొన్ని ఎక్కువగానూ ఉంటాయి, కానీ పాట గెలిచేది అందరికన్నా ఎక్కువ అంచనా వేసినవాడే, కాబట్టి గెలిచినవాడు పొరబడి ఉండే అవకాశం మొదటి నుంచే ఎక్కువ అన్నది వారి వాదన. దీని నుంచి పుట్టే ఆచరణ మనవాళ్ళ నడవడికి సరిగ్గా వ్యతిరేకం: పోటీదారులు పెరిగిన కొద్దీ మన అంకెను తగ్గించుకోవాలి. హాలులో నేను చూసినది మాత్రం, ఎక్కువమంది చేతులెత్తితే నాణెంలో ఏదో విశేషం ఉండి ఉంటుందని మరో ఇద్దరు కొత్తగా చేతులెత్తడం.

మన ప్రాంతంలో వేలం పాట అనగానే గుర్తుకువచ్చేది గణేశుడి లడ్డూ. బాలాపూర్‌లో 1994లో 450 రూపాయలతో మొదలైన ఆ పాట 2025లో 35 లక్షలకు చేరింది. అక్కడ నెయ్యి ధర ఎంత, శనగపిండి ధర ఎంత అని ఎవరూ లెక్క వేయరు, వేయకూడదు కూడా, ఎందుకంటే అక్కడ కొంటున్నది గౌరవం, భక్తి. ఆ అలవాటు మనసులో ఎక్కడో ఉండిపోయి నాణేల పాటకు కూడా వచ్చేస్తుందేమో అని నాకు అప్పుడప్పుడు అనుమానం కలుగుతుంది. నలుగురిలో వెనక్కి తగ్గడం చిన్నతనంగా భావించేవారు మన సమావేశాల్లో తక్కువేమీ కాదు.

ఇక డబ్బు విషయం. పాట ఆగిన అంకె మీరు చెల్లించే అంకె కాదు. చాలా చోట్ల కొనుగోలుదారు నుంచి కూడా కమిషన్ వసూలు చేస్తారు. దాని మీద, నాణెం మీద పన్ను ఉంటుంది. ఇంటికి పంపించమంటే తపాలా, బీమా ఖర్చు అదనం. కమిషన్ పదిశాతం అనుకుంటే 2,000 దగ్గర ఆగిన పాట పన్నుకు ముందే 2,200 అవుతుంది. కాబట్టి మీరు అనుకున్న గరిష్ఠ మొత్తం నుంచి ఇవన్నీ తీసివేయగా మిగిలినదే మీరు పాడవలసిన చివరి అంకె. పాట మొదలుకాక ముందే దానిని జాబితా మీద పెన్సిలుతో వ్రాసుకుని కూర్చోవడం మంచిది. కుదిరితే మీ అంకెను వ్రాసి నిర్వాహకుడికి ఇచ్చి హాలు బయట కూర్చోండి. హాలులో ఉన్నవారికన్నా ఇలా వ్రాసి ఇచ్చినవారే తక్కువలో కొనుక్కోవడం నేను చాలాసార్లు చూశాను.

చివరగా కాస్త ఇబ్బందికరమైన విషయం. అమ్మేవారు తమ మనిషిని కూర్చోబెట్టి పాట పెంచడం ఉన్నది. ఎవరు ప్రతి నాణేనికీ చెయ్యి ఎత్తుతూ దాదాపు ఏదీ ఇంటికి తీసుకుపోవడం లేదో, ఎవరు ‘గెలిచిన’ నాణెం తరువాతి జాబితాలో మళ్ళీ ప్రత్యక్షమవుతున్నదో గమనిస్తే సంగతి అర్థమవుతుంది. 1930 నాటి సరకుల విక్రయ చట్టం 64వ సెక్షన్ దీనిని స్పష్టంగా ప్రస్తావించింది. అమ్మకందారుకు పాడే హక్కు ఉన్నదని ముందుగా ప్రకటించకుండా ఆయన గానీ ఆయన తరఫు మనిషి గానీ పాడితే ఆ విక్రయాన్ని మోసంగా పరిగణించే వీలు కొనుగోలుదారుకు ఉంది. బూటకపు పాటతో ధర పెంచినట్లయితే ఆ కొనుగోలును రద్దు చేసుకోవచ్చు. అదే సెక్షన్ ప్రకారం సుత్తి పడే దాకా లేదా ఆనవాయితీ ప్రకారం ‘మూడోసారి’ అనే దాకా ఎవరైనా తమ పాటను వెనక్కి తీసుకోవచ్చు. ఈ సంగతి తెలియక, పొరపాటున చెయ్యి ఎత్తినవారు పరువు కోసం చెల్లించి వెళ్ళిపోతుంటారు.

జవాబు: చార్‌కమాన్

వరంగల్ మిత్రులు అడిగిన చార్మినార్ రూపాయల గురించి నేను చెబుతాను. మా పెద్దల కాలంలో బ్రిటిష్ రూపాయిని కలదార్ అనేవారు, నిజాం రూపాయిని హాలీ సిక్కా అనేవారు, రెండింటికీ మారకంలో తేడా ఉండేది. సుమారు ఏడు హాలీ రూపాయలకు ఆరు కలదార్ రూపాయలు వచ్చేవి. ఆ తేడా లోహంలోనే ఉంది. హాలీ రూపాయి బరువు 11.18 గ్రాములు, అందులో వెండి నూటికి దాదాపు 82 పాళ్ళు, అంటే నాణేనికి 9.14 గ్రాములు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ముద్రించిన హాలీ రూపాయల్లోనూ వెండి నూటికి 50 పాళ్ళకు పడిపోయింది. కాబట్టి గుత్తిలో అన్నీ చార్మినార్ బొమ్మతో ఒకేలా కనిపించినా, హిజ్రీ సంవత్సరం చదవడం రానివారు రెండు రకాల వెండికి ఒకే ధర పాడేస్తారు. అరబిక్ అంకెలు నేర్చుకోవడానికి ఒక పూట చాలు. ఆ ఒక్క పూట శ్రమ పడకుండా హైదరాబాద్ నాణేలు కొనడం నా దృష్టిలో సాహసమే.

చార్మినార్ బొమ్మతో యంత్రాల మీద ముద్రించిన రూపాయలు హిజ్రీ 1321లో, అంటే 1903–04 ప్రాంతంలో, మహబూబ్ అలీ ఖాన్ హయాంలో మొదలయ్యాయి. నడిమి ద్వారంలో ఉన్న అక్షరాన్ని చూస్తే ఎవరి నాణెమో తెలుస్తుంది: ‘మీమ్’ ఉంటే మహబూబ్, ‘ఐన్’ ఉంటే ఉస్మాన్. ఉస్మాన్ అలీ ఖాన్ తొలి నాణేల్లో ఆ ఐన్ అక్షరం పొట్టిగా ఉన్న రకమూ, పూర్తిగా ఉన్న రకమూ వేరువేరుగా సేకరిస్తారు. ధరలో తేడాలు పుట్టేది ఇలాంటి వివరాల్లోనే తప్ప ‘నిజాం నాణెం’ అన్న పేరులో కాదు. హైదరాబాద్ పాటల్లో ఆ పేరు వినగానే కొందరి చేతులు వాటంతటవే లేస్తాయి. తెలంగాణ పల్లెల్లో పెట్టె తెరిస్తే దొరికే నాణేలే ఇవి అన్న సంగతి వారికి గుర్తు చేసేవారు ఉండరు.

గుత్తిగా పాడేటప్పుడు మరో సంగతి చూడాలి. మన ప్రాంతంలో రూపాయలు డబ్బుగానే కాదు, నగగా కూడా బతికాయి. లంబాడీ స్త్రీల దండల్లోనూ, పల్లె ఇళ్ళల్లో పిల్లల మొలతాళ్ళకూ రూపాయలకు, అర్ధరూపాయలకు చెవి అతికించి కట్టేవారు. ఆ చెవి తీసివేసి, టంకం మచ్చను ఆకురాయితో రుద్ది, అంచు మీద గీతలు మళ్ళీ గీసి నాణెంగా అమ్మడం మామూలే. అందుకని బొమ్మ వైపు, బొరుసు వైపు చూసి తృప్తి పడకుండా నాణేన్ని వేళ్ళ మధ్య నిలబెట్టి అంచు చుట్టూ తిప్పి చూడండి, ముఖ్యంగా బొమ్మ తల మీదుగా వచ్చే చోట. అక్కడ గీతలు ఎడం మారినా, రంగు కొంచెం వేరుగా ఉన్నా అది దండలోంచి వచ్చిన నాణెమే. దానికి వెండి ధరకు మించి ఇవ్వనక్కర లేదు.

ఇక మెరుపు. పాటకు తెచ్చే ముందు చింతపండుతోనో, పళ్ళు తోముకునే పొడితోనో, కంసాలి దగ్గర మందు నీళ్ళతోనో తోమి తళతళలాడించడం అమ్మేవారి అలవాటు. కొత్తవారికి అది టంకశాల మెరుపులా కనిపిస్తుంది. తోమిన నాణెం మీద భూతద్దంతో చూస్తే ఒకే దిశలో సన్నని గీతలు ఉంటాయి, అక్షరాల మూలల్లో మాత్రం పాత నలుపు అలాగే మిగిలి ఉంటుంది. అనుభవం ఉన్న సేకర్త ఆ నాణేన్ని ముట్టుకోడు. అంటే మీరు దానిని తిరిగి అమ్మబోయినప్పుడు మీకు మిగిలే ఖాతాదారు కంసాలి ఒక్కడే.

జవాబు: మచిలీబందరు పాఠకుడు

అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కాబట్టి కాస్త భేదాభిప్రాయం చెప్పనివ్వండి. ఎక్కువ పెట్టడం అన్నది ఎప్పుడూ అవివేకం కాదు. వెండి విలువను నేలగా పెట్టుకుని దానికి ఎంత పైన అని కొలిచే పద్ధతి, కోట్లలో ముద్రించిన అయిదవ జార్జి రూపాయలకు సరిపోతుంది గానీ అన్నింటికీ సరిపోదు. మా బందరు టంకశాల పేరుతో మొగల్ చక్రవర్తుల పేరు మీద వెలువడిన రూపాయలను తీసుకోండి. అవి సుత్తితో కొట్టి ముద్రించినవి. అచ్చు కన్నా బిళ్ళ చిన్నది కావడం వల్ల, ఒక నాణెం మీద పడిన అక్షరాలు మరో దాని మీద పడవు. టంకశాల పేరు పూర్తిగా, హిజ్రీ సంవత్సరం, రాజ్య సంవత్సరం (చక్రవర్తి ఏలుబడిలో అది ఎన్నో ఏడు అన్నది) కూడా స్పష్టంగా పడిన నాణెం స్థానిక పాటలో ఎదురైతే, జాబితా ధర కన్నా కొంత ఎక్కువకైనా తీసుకోమనే నా సలహా. వదిలేస్తే అటువంటిది మళ్ళీ ఎప్పుడు కనబడుతుందో చెప్పలేము, దానికి బల్ల మీద అరడజను ప్రత్యామ్నాయాలు ఉండవు. పైన బెజవాడ మిత్రుడు చెప్పిన సాయంత్రం పరీక్ష అక్కడ పనిచేయదు, ఎందుకంటే ఆ సాయంత్రం ఆ హాలులో ఉన్న వ్యాపారికి ఆ నాణెం గురించి తెలిసి ఉండకపోవచ్చు.

అయితే అటువంటి నాణేలకు కూడా సరాఫులు, అంటే నాణేలు మార్చే వ్యాపారులు, పరీక్ష కోసం గుచ్చిన గుర్తులు ముఖ్యమైన అక్షరాల మీద పడ్డాయా అన్నది చూసుకోవాలి. గుర్తులు అంచు దగ్గర ఉంటే నాకు అభ్యంతరం లేదు, సంవత్సరం మీద పడితే ధర సగానికి తగ్గించుకుంటాను.

మరొక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి. ‘పొలం దున్నుతుంటే దొరికిన కుండలోవి’ అన్న కథతో వచ్చే నాణేలకు ధర ఎక్కువ పలుకుతుంది. ఆ కథ అబద్ధమైతే మీరు కథకు డబ్బు పెట్టినట్లు, నిజమైతే అంతకన్నా ప్రమాదం. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి భూమిలో దొరికితే కలెక్టరుకు తెలియజేయవలసిందే. అలా చేయని సొత్తును వేలంలో కొనడం ఎవరికీ క్షేమం కాదు. అలాగే విదేశాల్లో ఉన్న పిల్లలకు బహుమతిగా పంపాలని పాట పాడేవారు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటి ఉంది. 1972 నాటి పురావస్తువుల చట్టం కింద నూరేళ్ళు నిండిన నాణెం పురావస్తువే, దానిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. ఆ లెక్కన 1918 రూపాయి కూడా అందులోకే వస్తుంది.

ప్రశ్న అడిగినవారు: ఓరుగల్లు సేకర్త

ఇంత వివరంగా వ్రాసిన అందరికీ కృతజ్ఞతలు. హాలీ గుత్తి విషయం స్పష్టమైంది, పాటకు ముందు రోజు వెళ్ళి ఒక్కొక్క నాణెం తేదీ చదివి, అంచు చూసి, తూచుకుంటాను. 1939 రూపాయి గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు. జాబితాలో దాని ప్రారంభ ధర సాధారణ రూపాయికి ఎన్నో రెట్లు ఉంది. దానితోపాటు 1911 నాటి ‘పంది రూపాయి’ కూడా ఉందని ఇప్పుడే తెలిసింది. అది అరుదైనదా?

జవాబు: బెజవాడ నాణేలు

ముందు 1911 గురించి. ఆ సంవత్సరం అయిదవ జార్జి వస్త్రం మీద ఉన్న ఏనుగు బొమ్మ తొండం పొట్టిగా పడి పందిలా కనిపిస్తున్నదని ముస్లింల నుంచి అభ్యంతరాలు వచ్చాయి. చెలామణిలోకి పంపకుండా మిగిలిన నాణేలను కరిగించి, 1912 నుంచి ఏనుగును సరిదిద్దిన అచ్చుతో ముద్రించారు. ముద్రించినవి సుమారు 94 లక్షలు కాగా బయటికి వెళ్ళినవి సుమారు 7 లక్షలు అని లెక్కలు చెబుతాయి. 1918తో పోలిస్తే ఇది తక్కువే, కాబట్టి ఎక్కువ ధర న్యాయమే. కానీ ఏడు లక్షలు ఏడు వందలు కాదు. ఈ నాణెం పెద్ద వేలాల్లోనూ, వ్యాపారుల దగ్గరా ఎప్పుడూ దొరుకుతూనే ఉంటుంది. దాని ధరలో కథ వాటా ఎక్కువ. పెద్ద వేలం సంస్థలు పాత పాటల్లో పలికిన ధరలను తమ జాలగూళ్ళలో ఉంచుతాయి. అదే స్థితిలో ఉన్న 1911 రూపాయి ఎంతకు పోయిందో నాలుగైదు పాటలు చూసి, వాటిలో అన్నింటికన్నా పై అంకెను పక్కన పెట్టి, మిగిలినవాటిని ఆధారంగా తీసుకోండి.

1939 రూపాయి నిజంగానే అరుదు, అందుకే దొంగవి అంత ఎక్కువ. రెండు రకాలుగా మోసం జరుగుతుంది. మొదటిది, సులభంగా దొరికే 1938 రూపాయిలోని చివరి ఎనిమిదిని చెక్కి తొమ్మిదిగా మార్చడం. దీనిని పట్టుకునే మార్గం నాణెం మీదే ఉంది: 1939లో తొమ్మిది రెండుసార్లు వస్తుంది. పదింతలు పెద్దదిగా చూపే భూతద్దంతో ఆ రెండు తొమ్మిదుల తలలను, తోకల వంపును, ఎత్తును పోల్చండి. చివరి అంకె చుట్టూ నేల, అంటే బొమ్మ, అక్షరాలు లేని చదును భాగం, గీరుకుపోయినట్లు గానీ, కొద్దిగా లోతుగా గానీ కనిపిస్తే వదిలేయండి. రెండవది పూర్తిగా కొత్తగా పోత పోసిన నాణెం. దాని అక్షరాల అంచులు మెత్తగా, నేల మీద సూది మొన అంత గుంటలతో ఉంటుంది, బరువు కూడా సాధారణంగా కుదరదు.

తూకం చూసేటప్పుడు నీటి పరీక్ష కూడా చేయనిమ్మని అడగండి. పాయింటు రెండు స్థానాల దాకా చూపే చిన్న తూనిక మీద నీళ్ళ గ్లాసు పెట్టి అంకెను సున్నా చేసి, నాణేన్ని సన్నని దారంతో గ్లాసు అడుగుకు తగలకుండా నీటిలో వేలాడదీస్తే, అరగని 11.66 గ్రాముల అసలు రూపాయికి తూనిక దాదాపు 1.13 చూపాలి. సగం వెండి రూపాయికి అదే 1.22 దాకా వస్తుంది. ఇత్తడి, రాగి మిశ్రమాలకు ఇంకా పెరుగుతుంది. అరిగిన నాణెమైతే దాని బరువును ఈ నీటి అంకెతో భాగించండి, 10.3 చుట్టుపక్కల వస్తే వెండి సరిగానే ఉన్నట్లు. అయితే ఈ పరీక్ష పోత నాణేలనే పట్టిస్తుంది, 1938ని దిద్దినదానిలో వెండి అసలుదే కాబట్టి అక్కడ భూతద్దమే దిక్కు. అంచు కూడా చూడండి: 1939 రూపాయి అంచు మీద మామూలు నిలువు గీతలే ఉంటాయి. 1940 నుంచి దొంగ నాణేలను అరికట్టడానికి అంచు మధ్యలో ప్రత్యేకమైన గాడి పెట్టారు. ఆ గాడి ఉన్న ‘1939’ కనిపిస్తే ఆలోచించవలసిన పని కూడా లేదు.

ఎన్‌జీసీ, పీసీజీఎస్ వంటి సంస్థలు పరీక్షించి పెట్టెలో బిగించి ఇచ్చిన 1939 కాకపోతే, నేను అసలు పాట పాడను. ఆ పెట్టెలకూ నకిలీలు ఉన్నాయి కాబట్టి దాని మీద ఉన్న సంఖ్యను ఆ సంస్థ జాలగూటిలో కొట్టి, అక్కడ చూపే ఛాయాచిత్రంతో నాణేన్ని పోల్చి చూడాలి.

జవాబు: పాట నిర్వాహకుడు

ఒక చిన్న చేర్పు. స్థానిక పాటల జాబితాల్లో ‘ఉన్నది ఉన్నట్లుగా విక్రయం’ అన్న వాక్యం దాదాపు ఎప్పుడూ ఉంటుంది. 1939 రూపాయికి పాడే ముందు, నకిలీ అని తేలితే ఎన్ని రోజుల్లోగా వాపసు తీసుకుంటారో నిర్వాహకుల చేత రసీదు మీద వ్రాయించుకోండి. వారు వ్రాయడానికి ఒప్పుకోకపోతే ఆ నాణేన్ని పాటలో వదిలివేయండి. హాలీ గుత్తిలో ఎన్ని నాణేలు సగం వెండివో లెక్క తేలాక, ఒక్కొక్క దాని విలువ విడిగా వేసి కూడి, ఆ మొత్తం నుంచి కమిషన్ తీసివేసి, వచ్చిన అంకెను కాగితం మీద వ్రాసి నాలాంటివాడి చేతికి ఇచ్చి బయట టీ త్రాగుతూ కూర్చోండి.